గట్టు మీది ఈతగాళ్ళు

పిల్లల ఈత పోటీల్లో గట్టు మీద నిలబడి గొంతు చించుకునే తల్లిదండ్రులే లేకపోతే, ఈత అనే క్రీడ ఏనాడో మునిగిపోయేది. ఊరికే అనడం లేదు. మా ఊరు ఇస్మాయిలియా అమ్మాయిల జట్టు కోసం ఏళ్ళ తరబడి అరిచిన అనుభవంతో చెబుతున్నాను.

నాకు ఈత రాదు. బడిలో భూగోళం చెబుతాను. సూయజ్ కాలువ ఒడ్డునే పుట్టి పెరిగినా మోకాలు దాటి నీళ్ళలోకి దిగినవాణ్ణి కాను. అయితే ఏమిటి? ఈత వచ్చినవాళ్ళంతా నీళ్ళలో ఉంటే, సలహాలివ్వడానికి గట్టు మీద ఎవరో ఒకరు మిగలాలి కదా?

మా అమ్మాయి రద్వా ఈదేది బటర్‌ఫ్లై, రెండు చేతులూ ఒకేసారి ముందుకు విసిరే ఈత. అది ఈదుతున్నంతసేపూ నేను కూర్చున్నచోటే రెండు చేతులూ విసురుతుంటాను. ముందు వరసలో ఎవరివో టోపీలు ఎగిరిపోతాయి. పక్కనుండే మదాం నెర్మీన్ టీ ఒలికిపోతుంది. ఆవిడ కూతురు లుజైన్‌దీ ఇదే జట్టు. ఆవిడ నాలా అరవరు, ఈల వేస్తారు. పోర్ట్ సయీద్‌లో ఒకసారి ఆ ఈల విని, రేసు మొదలైందనుకుని పిల్లలంతా దూకేశారు. ప్రభావం అంటే అదీ.

పోయిన శుక్ర, శనివారాల్లో అలెగ్జాండ్రియాలో పోటీ. పైకప్పు లేని కొలను, సముద్రం మీది నుంచి గాలివాన. నీళ్ళు వెచ్చబెట్టే యంత్రం శుక్రవారం పొద్దున్నే మొరాయించింది. పిల్లలు పళ్ళు టకటకలాడిస్తూ దూకారు. మేం కోట్ల మీద కంబళ్ళు కప్పుకుని, వేడివేడి పప్పు సూప్ తాగుతూ, చలికి భయపడకూడదని వాళ్ళకు ధైర్యం చెప్పాం.

నలుగురు ఒకరి తర్వాత ఒకరు ఈదే రిలేలో మొదటి మూడు స్థానాల్లో నిలిచిన జట్లే కైరో పెద్ద పోటీకి వెళ్తాయి. మా అమ్మాయిలు వెళ్ళలేకపోతే, వాళ్ళు సాధన చేసే పొద్దుటి పూట కొలనును వాటర్ పోలో కుర్రాళ్ళకు ఇచ్చేస్తామని మా క్లబ్బువాళ్ళు ముందే చెప్పారు. ఇంత బరువు పదమూడేళ్ళ పిల్లల భుజాల మీద ఉన్నప్పుడు, దాని మీద నా అరుపు కూడా వెయ్యకపోతే ఎలా?

శుక్రవారం బటర్‌ఫ్లైలో రద్వా రెండు చేతులతో ఒకేసారి గోడను తాకాల్సింది. ఒక చెయ్యి ముందు తాకిందని రిఫరీ దాన్ని ఆ రేసు నుంచి తప్పించాడు. నేను మెట్లు దిగి ఆయన దగ్గరికి నడిచాను.

“ఉస్తాద్, మీరు ఏ లేన్‌లో ఈదుతున్నారు?” అన్నాడాయన.

“నేను ఈదడం లేదు. నేను దాని నాన్నని.”

“అయితే పైకెళ్ళి కూర్చోండి నాన్నగారూ. చెయ్యి ముందు తగిలింది, నేను చూశాను.”

“గాలికి అలా అనిపించి ఉంటుంది,” అంటూ న్యాయం కోసం ఒక అడుగు ముందుకేశాను. ఆ అడుగు బూటుతో సహా కొలనులో పడింది. మిగతా నన్ను రిఫరీ కాలరు పట్టుకుని ఆపాడు. ఇది చూసి మా తల్లిదండ్రులంతా నాకు అండగా దిగి వచ్చారు. మదాం నెర్మీన్ ఈల కూడా వేశారు. లేన్ నాలుగులో ఉన్న పిల్ల ఎవరో, ఆ అంకుల్ ఎవరని రద్వాని అడిగిందట. తెలియదని చెప్పిందట మా అమ్మాయి.

శనివారం పొద్దున్న గేటు దగ్గర మా జట్టు కోచ్ కెప్టెన్ వగ్దీ మాకు అడ్డంగా నిలబడ్డాడు.

“మీరెవరూ లోపలికి రాకూడదట. ఇస్మాయిలియా తల్లిదండ్రులందరికీ కలిపి ఒకటే శిక్ష.”

“మరి పిల్లలు?”

“వాళ్ళను రానిచ్చారు. ఈదేది వాళ్ళేగా.”

“మేం రావడం లేదని వాళ్ళకు చెప్పావా?”

“ఎందుకు చెప్పడం? కంగారు పడతారు,” అని గేటు మూసేశాడు.

గోడ పక్కన వానలో నిలబడ్డాం.

“కాలు ఆరిందా రవూఫ్ ఉస్తాద్?” అన్నారు మదాం నెర్మీన్. “మీ కాలొక్కటే తడిస్తే బాగుండదని అందర్నీ తడిపారు.”

రిలే మొదలైంది. మాకు కనిపించేది గోడే. లోపల మిగతా ఊళ్ళ తల్లిదండ్రుల అరుపులు, వాటి మీద టాంటా ఊరివాళ్ళు తెచ్చుకున్న డోలు. ఆ గోలను బట్టే ఎవరు ముందో, ఎవరు వెనకో పోల్చుకోవాలి. మొదటి అమ్మాయి వంతు అయింది, రెండో అమ్మాయి వంతు అయింది, డోలు మోగుతూనే ఉంది. మూడోది రద్వా. దాని వంతు సగంలో డోలు దెబ్బ తడబడింది. కాసేపటికి ఆగిపోయింది.

మదాం నెర్మీన్ నా కోటు చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. “ఆగిందేం?”

“మనది టాంటావాళ్ళని దాటి ఉంటుంది.”

“చివర మా లుజైన్. కాస్త ఊపిరి బిగబట్టండి, వినిపించడం లేదు.”

నా జీవితంలో ఒక ఈత పోటీలో నోరు మూసుకోవడం అదే మొదలు. డోలు మళ్ళీ మోగలేదు. కాసేపటికి కెప్టెన్ వగ్దీ గేటు తెరుచుకుని వచ్చి, మూడు వేళ్ళు చూపించాడు. మదాం నెర్మీన్ ఈల వెయ్యబోయి, ఏడుపొచ్చి, వెయ్యలేకపోయారు.

మేం లేకుండానే పిల్లలు గెలిచారని కొందరు అంటారు. శాస్త్రం తెలియని మాట. చల్లటి నీళ్ళలో శబ్దం నెమ్మదిగా నడుస్తుంది. శుక్రవారం నేను అరిచింది శనివారానికి చేరి ఉంటుంది. భూగోళం మాస్టర్ని, నాకు తెలియదా?

రద్వా తువ్వాలు చుట్టుకుని వచ్చింది. పెదవులు నీలంగా ఉన్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది. సూప్ పోసి ఇచ్చాను.

“నేను లేకుండా ఎలా ఈదావే?”

“నువ్వు లేవా?”

“గేటు బయటే ఉన్నాను. మమ్మల్ని రానివ్వలేదు.”

అది సూప్ ఊదుకుంటూ కాస్త ఆలోచించింది. “అరుపులు వినిపిస్తూనే ఉన్నాయిగా నాన్నా. నువ్వే అనుకున్నా.”

అందుచేత సాటి తల్లిదండ్రులారా, పోటీలకు మీరు రాకపోయినా లోటేమీ ఉండదు. ఎవరో ఒకరు అరుస్తూనే ఉంటారు, పిల్లలు ఈదుతూనే ఉంటారు. నేను మాత్రం కైరో వెళ్తున్నాను. మొదటి వరసలో కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడను. మా అమ్మాయి గోడ తాకాక, ఇదేమిటి ఇంత నిశ్శబ్దంగా ఉంది, మా నాన్న ఏడీ అని ఒక్కసారి తల తిప్పి వెతుక్కుంటే చాలు.