స్టాపు దాటిన సాంబమూర్తి

భార్య మోకాలిని అడ్డం పెట్టుకుని తన పరువు కాపాడుకోవచ్చని సాంబమూర్తికి తోచింది ఒక మంగళవారం పొద్దున, డాక్టరు పార్థసారథి గదిలో చెప్పుల్లేకుండా కూర్చున్నప్పుడు.

పార్థసారథి చిన్నప్పటి స్నేహితుడు. సన్నటి ప్లాస్టిక్ పుల్లతో సాంబమూర్తి కుడి అరికాలు పొడుస్తున్నాడు.

"తెలిసిందా?"

"ఏది?"

"పొడిచాను."

"ఎప్పుడు?"

పార్థసారథి పుల్ల పక్కన పెట్టేశాడు. "షుగరు నీ కాలి నరాలు తినేసింది సాంబా. బ్రేకు మీద కాలుందో లేదో నీకే తెలీదు. ఇంక స్టీరింగు ముట్టుకోకు. బస్సులో కాపురం చాలు. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉండాలి, నువ్వు ఇంట్లో ఉండాలి."

సాంబమూర్తి సింగపూర్‌లో ముప్ఫై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు నడిపాడు. ఒక్క గీత పడలేదు. రిటైరయ్యాక ఫ్లాటు అమ్మేసి, ఒక పాత స్కూలు బస్సు కొని, సీట్లు పీకి, మంచం, స్టవ్వు, నీళ్ళ డ్రమ్ము, పూజ అల్మరా పెట్టించాడు. కంప్యూటర్ల వాళ్ళు మన దేశం నుంచి విమానాలకు విమానాలు దిగుతున్న రోజులవి. ఊరంతా ఇళ్ళ కోసం ఎగబడుతుంటే, ఆయనా భార్య లలితకుమారీ ఇల్లొదిలేసి బస్సెక్కారు. రెండేళ్ళుగా మలేషియా అంతా తిరిగి, నెలకోసారి మందులకోసం సింగపూర్ వచ్చి, పాసిర్ రిస్‌లో తెలిసినవాళ్ళ షెడ్డు పక్కన ఆగుతున్నారు.

ఆ బస్సుకి ఒకటే జబ్బు. గంట మోగితే, సర్వీసు అలవాటుకొద్దీ, సాంబమూర్తి కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయేది. తరవాతి స్టాపులో ఆపేవాడు. వెనకాల లలితకుమారి హారతి గంట కొట్టినా అంతే. కౌలాలంపూర్‌కి ఆరు గంటల దారి. ఆవిడ కార్తీక సోమవారం పూజ చేసిన రోజు పదకొండు గంటలు పట్టింది. స్నేహితులు ఆయనకి స్టాపుల సాంబమూర్తి అని పేరు పెట్టారు. లలితకుమారి మాత్రం ఆ గంటని వదల్లేదు. కొబ్బరిబొండం కావాలన్నా గంటే, కాళ్ళు చాపుకోవాలన్నా గంటే.

అలాంటి మనిషి, కాలు చచ్చిపోయిందని పెళ్ళాంతో ఎలా చెప్తాడు?

"ఒరే, లలితతో నా సంగతి చెప్పకు. దాని మోకాళ్ళు పాడైపోయాయను. దానికోసం నేను త్యాగం చేసినట్టు ఉంటుంది."

"ఆవిడ మోకాళ్ళు నా మోకాళ్ళకన్నా బాగున్నాయిరా!"

"ఎవరడిగారు నీ మోకాళ్ళు?"

"అబద్ధం చెప్పను. 'మీ ఇద్దరిలో ఒకళ్ళు బస్సు దిగాలి' అంటాను. అది నిజమే కదా. మిగతాది నీ ఖర్మ."

లలితకుమారిని లోపలికి పిలిచారు. పార్థసారథి అన్నట్టే ఆ మాట అన్నాడు. ఆవిడ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"ఎవరు?"

పార్థసారథి హఠాత్తుగా చేతులు కడుక్కోవడం మొదలెట్టాడు.

"నువ్వేనే," అన్నాడు సాంబమూర్తి. "మోకాలు."

"ఏ మోకాలు?"

"ఎడమది. కుడిది కూడా కొంచెం."

ఆవిడ మోకాళ్ళు రెండూ తడుముకుని చూసుకుంది. "పాపం, నాకు తెలియనే లేదు. సరే, నేను దిగుతాను."

సాంబమూర్తి గొంతు సవరించుకున్నాడు. 'నీకోసం నేనూ మానేస్తాను లలితా' అన్న మాట కళ్ళల్లో నీళ్ళతో సహా సిద్ధంగా ఉంది. నోరు తెరిచేలోపే ఆవిడ అందుకుంది.

"మీరు మాత్రం మానకండి. బస్సంటే మీకు ప్రాణం. వచ్చే శనివారం మీరు బయల్దేరండి. నేను సెంగ్‌కాంగ్‌లో చిన్న ఇల్లు చూసుకుంటాను."

నీళ్ళు నిజంగానే వచ్చాయి.

మర్నాటి నుంచి లలితకుమారి మూడు నెలల సామాను సర్దడం మొదలుపెట్టింది. కారప్పొడి, కంది పొడి, ఆవకాయ, గోంగూర. ప్రతి సీసా మీదా కాగితం అంటించింది.

"నేను లేకపోతే నీకు తోచదే."

"టీవీ కొనుక్కుంటాను లెండి."

"నాకెవరు వండుతారు?"

"హాకర్ సెంటర్ తిండి కొట్లలో మాకాన్ దొరకదా? నా చేపల పులుసుకన్నా వాళ్ళదే బాగుందన్నారుగా."

"ఎప్పుడన్నాను?"

"తొంభై మూడులో."

సాంబమూర్తికి ఒకటే దారి మిగిలింది. మంచి ఇల్లు తనే చూసి, 'ఈ ఇల్లు చూశాక వదిలి వెళ్ళలేకపోతున్నాను' అనాలి. విశ్వేశ్వరరావు గుర్తొచ్చాడు. కొత్తగా వచ్చినప్పుడు వీళ్ళ పాత ఫ్లాటులో ఒక గది అద్దెకి తీసుకున్న కంప్యూటర్ కుర్రాడు. ఇప్పుడు ఆఫీసు పాయా లేబర్‌కి మారిందని సెంగ్‌కాంగ్ ఇల్లు ఖాళీ చేస్తున్నాడట. చాటుగా ఫోన్ చేశాడు.

"సారీ అంకుల్. ఆ ఇల్లు ఎవరో చోప్ చేసేశారు."

హాకర్ సెంటర్లో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్తే చాలు, ఆ టేబుల్ మనదే. దాన్నే చోప్ చెయ్యడం అంటారు. ఎవరూ ముట్టుకోరు.

"ఇంటిని కూడా చోప్ చేస్తారుటయ్యా!"

"వంటగట్టు మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్ళారంకుల్. ఓనర్ కూడా నవ్వి ఓకే అన్నాడు. నేనేం చెయ్యను?"

శనివారం వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది లలితకుమారి. "నన్ను సెంగ్‌కాంగ్‌లో దింపేసి, అట్నుంచి అటు వెళ్ళిపోండి."

డాక్టరు మాట చెవుల్లో గింగురుమంటున్నా, పరువు ఆయన్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టింది. సైకిలు వాళ్ళు కూడా దాటిపోయేంత మెల్లగా నడిపాడు. సెంగ్‌కాంగ్ దగ్గరపడింది. వెనకాల గంట మోగింది.

స్టాపు కనపడింది. సాంబమూర్తి బ్రేకు తొక్కాడు. తొక్కాననే అనుకున్నాడు. స్టాపు పక్కనుంచి వెళ్ళిపోయింది. అక్కడ నిలబడ్డవాళ్ళ తలలన్నీ బస్సుతోపాటు తిరిగాయి. వంగి చూస్తే కాలు బ్రేకు పక్కన నేలని శ్రద్ధగా తొక్కుతోంది. హ్యాండ్ బ్రేకు లాగాడు. ముందు చక్రం గడ్డి మీదికెక్కి బస్సు ఆగింది. కంది పొడి సీసా దొర్లుకుంటూ వచ్చి ఆయన పాదానికి తగిలింది. అది కూడా తెలియలేదు.

ఎవరికీ ఏమీ కాలేదు. సాంబమూర్తి ఇంజను ఆపేశాడు.

ఇంతలో కూరగాయల సంచీతో ఒక చైనీస్ ఆంటీ పరుగెత్తుకొచ్చి, సిటీ బస్సనుకుని ఎక్కేసింది. టికెట్ కార్డు ఎక్కడ పెట్టాలో వెతికి, దొరక్క, వెళ్ళి మంచం మీద కూర్చుంది.

"అంకుల్, వై స్టాప్ సో ఫార్? మై లెగ్ వెరీ పెయిన్ లా!"

"ఆంటీ, మై లెగ్ నో పెయిన్," అన్నాడు సాంబమూర్తి ఏడుపు గొంతుతో. "దట్ ఈజ్ ద ప్రాబ్లం."

అని, భార్య వైపు తిరిగాడు. "లలితా, నీ మోకాళ్ళు బాగున్నాయి. నా కాలే పోయింది. బ్రేకు తెలియట్లేదే నాకు."

"తెలుసు," అంది లలితకుమారి. గంట ఇంకా చేతిలోనే ఉంది. "ఇదివరకు గంట కొడితే సరిగ్గా స్టాపులో ఆపేవారు. ఇపోలో స్టాపు నుంచి అర బస్సు పొడుగు దాటారు. మలాక్కాలో బస్సు పొడుగంతా దాటారు. పోయినవారం బస్సున్నర. రోజుకి అయిదుసార్లు హారతి ఇస్తున్నది భక్తనుకున్నారా?"

సాంబమూర్తి వంగి కంది పొడి సీసా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మీ నోటితో మీరే చెప్తారని నాలుగు రోజులు చూశాను. నా మోకాళ్ళు తీసుకున్నారు, ఇచ్చాను. పచ్చళ్ళు కూడా కట్టాను. ఇవాళ మాత్రం మిమ్మల్ని ఎక్కనివ్వకుండా ఉండాల్సింది. అది నా తప్పే."

"నిజంగా పంపించేసేదానివా?"

"సెంగ్‌కాంగ్ దాకా."

చైనీస్ ఆంటీకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. అయినా లలితకుమారికి ఒక అరటిపండు ఇచ్చి దిగిపోయింది.

డిపో రోజుల పాత స్నేహితుడు వెంకటరాజు వచ్చి బస్సు తీసుకెళ్ళాడు. మొగుడూ పెళ్ళాం నడుచుకుంటూ విశ్వేశ్వరరావు ఇంటికి వెళ్ళారు. ఆరో అంతస్తు, లిఫ్టు గుమ్మం దాకా ఉంది. ఫ్రిజ్ ఉంది. వంటగట్టు మీద టిష్యూ ప్యాకెట్ ఉంది. దాని మీద కుంకుమ బొట్టు ఉంది.

ఆ బొట్టు ఎవరిదో సాంబమూర్తికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఆంటీ వచ్చి నెల దాటిందంకుల్," అన్నాడు విశ్వేశ్వరరావు తల గోక్కుంటూ. "మీకు చెప్పొద్దని ఒట్టు వేయించారు."

బస్సు ఇప్పుడు పాసిర్ రిస్‌లో ఒక బాలవాడి ఆవరణలో ఉంది. చక్రాలు తీసేశారు. పిల్లలు అందులో బొమ్మల పుస్తకాలు చదువుకుంటారు. గంట మాత్రం లలితకుమారి తెచ్చేసుకుంది. పొద్దున హారతివేళ అది మోగితే, కుర్చీలో కూర్చున్న సాంబమూర్తి కుడికాలు ఇప్పటికీ నేలని తొక్కుతుంది. ఆవిడ వంటగదిలోంచి తొంగి చూస్తుంది.

"స్టాపులోనే ఆపారు, పరవాలేదు."

షుగరు తగ్గింది, పాదం మీద పుండు పడలేదు, రెండు కాళ్ళూ ఇంకా తనవే. ఎవరివల్లో తెలుసు. కానీ పెళ్ళానికి థాంక్స్ చెప్పడం ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఎవరూ నేర్పలేదు.

అందుకని రోజూ పొద్దున్నే ఆవిడకన్నా ముందు దిగి, కింద హాకర్ సెంటర్‌కి వెళ్తాడు. ఫ్యాను కింద టేబుల్ చూసి, ఎదురు కుర్చీలో ఒక టిష్యూ ప్యాకెట్ పెడతాడు. దాని మీద కుంకుమ బొట్టు తనే పెట్టుకొస్తాడు. ఎవరైనా వచ్చి ఖాళీయేనా అని అడిగితే, చెయ్యి అడ్డం పెట్టి చెప్తాడు.

"లేదు లేదు. మా కండక్టరు వస్తోంది."