కంపయ్య గీసిన గజ్జి పటం

ఒక పెద్ద అడవిలో, ఈ చివర తుమ్మితే ఆ చివర వినబడనంత పెద్ద అడవిలో, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో గజ్జి మొదలైంది.

ఎలుగుబంటి మంగతాయారుకి వచ్చింది. ఆమె నుంచి కొడుక్కి అంటుకుంది. చూస్తుండగానే వాడి వీపు మీద బొచ్చంతా ఊడిపోయింది. చలికాలం నెల రోజుల్లోకి వచ్చేసింది. ఆవిడ దర్బారుకి పోయి, "పిల్లాడు చలికి తట్టుకోలేడు మహారాజా, మందు ఇప్పించండి" అని ఏడ్చింది.

సింహం తన మంత్రి గుంటనక్క గురునాథం వైపు చూశాడు.

"మందుదేముంది ప్రభూ, ఎప్పుడైనా ఇవ్వొచ్చు. ముందు నిఘా పెట్టాలి" అన్నాడు గురునాథం. "గజ్జి వచ్చినవాళ్లు పది రోజుల్లో ఎవరెవర్ని రాసుకున్నారో చెప్పాలి. పదవిలో ఉన్నవాళ్లకి గజ్జి తేలితే, నయమయ్యేదాకా పదవి వదిలి అడవి అంచున గుహలో కూర్చోవాలి."

తర్వాత సింహం చెవిలో మూతి దూర్చి, "మీకు వ్యతిరేకంగా ఎవరెవరు కలుసుకుంటున్నారో కూడా తెలిసిపోతుంది" అన్నాడు.

సింహానికి ఈ రెండో ఉపయోగం తెగ నచ్చింది.

నిఘా అధికారిగా ముళ్లపంది కంపయ్యని వేశారు. అతన్నెవరూ రాసుకోలేరు కనక గజ్జి అంటదు. స్నేహితుల్లేరు కనక పక్షపాతమూ ఉండదు. పాపం, కంపయ్య ఆ ఉద్యోగం నిజంగా గజ్జి కోసమే అనుకున్నాడు.

మొదట మంగతాయారు గుహకే వెళ్లాడు.

"ఈమధ్య ఎవర్నైనా కౌగిలించుకున్నావా అమ్మా?"

"అయినవాళ్లనా, కానివాళ్లనా?"

"గజ్జికి ఆ పట్టింపు లేదు తల్లీ."

ఆవిడ గోళ్ల మీద లెక్కపెట్టి, "దుమ్ములగొండి భూషణంగారు మద్దతు అడగడానికొచ్చి కావిలించుకుపోయారు" అంది. భూషణం ప్రతిపక్ష నాయకుడు.

కంపయ్య రాసుకుని, వెళ్లబోతూ ఆగాడు. "దర్బారు మందు ఎప్పుడొస్తుందో తెలీదు. వేపాకు నీళ్లతో కడిగి, కానుగ నూనె రాయి. నయమయ్యేదాకా మీరిద్దరూ ఎవరికీ తగలకండి."

అలా గుహ గుహా, బొరియ బొరియా తిరిగాడు. చాలా సంగతులు బయటపడ్డాయి. 'అడవిపిల్లులతో మాటలు లేవు' అని ఉపన్యాసాలు దంచే కుందేళ్ల సంఘం అధ్యక్షుడు, వానలో అడవిపిల్లి బొరియలోనే వెచ్చగా పడుకుంటున్నాడని తేలింది. కంపయ్య నవ్వలేదు, ఎవరి నుంచి ఎవరికి అంటిందో ఇంకో గీత గీశాడు.

పదిహేనో రోజు దర్బారులో బండ మీద జేగురుమట్టితో గీసిన పటం చూపించాడు.

"గజ్జి భూషణంగారి నుంచి మంగతాయారుకి వెళ్లింది. భూషణంగారి నుంచే మంత్రిగారికీ వెళ్లింది. పది రోజుల్లో మూడుసార్లు ఆయన గుహలో ఇద్దరూ కౌగిలించుకున్నారు."

సింహం గురునాథం వైపు తిరిగాడు.

"భూషణం గుహలో నీకేం పని?" గర్జించాడు సింహం.

"నిఘా ప్రభూ!"

"కౌగిలించుకునా?"

"దగ్గర్నుంచి నిఘా ప్రభూ."

"ఇంకో గీత ఉంది" అన్నాడు కంపయ్య అమాయకంగా. "మంత్రిగారి మూతి నుంచి మహారాజుగారి చెవికి."

సరిగ్గా అప్పుడే సింహం చెవి వెనక బరుక్కుంటున్నాడు. పంజా అక్కడే ఆగిపోయింది. నక్కని శిక్షించాలంటే తనకి గజ్జి ఉన్నట్టు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే సింహాసనం దిగి గుహలో కూర్చోవాలి.

"నాకు గజ్జి లేదు" అన్నాడు సింహం. "జూలు ఒత్తుగా పెరిగేటప్పుడు ఇలాగే ఉంటుంది."

గురునాథం ప్రాణం లేచొచ్చింది. "ప్రభువులకి లేదంటే నాకూ లేనట్టే. నాకు లేదంటే భూషణంగారికీ లేదు. ఆయనకే లేనప్పుడు ఎలుగుబంటికెలా వస్తుంది?"

ఒక్కో మాటకి ఒక్కో గీత తుడిచేశారు. చివరికి బండ నున్నగా మిగిలింది. అడవిలో గజ్జి లేదని ఆ మధ్యాహ్నమే చాటింపు వేశారు.

"మరి నా పిల్లాడి వీపో?" అంది దూరంగా నిలబడ్డ మంగతాయారు.

"అది వాడి ఇష్టం" అన్నాడు గురునాథం.

కంపయ్యని చేపల్లో గజ్జి నిఘాకని దూరపు మడుగుకి బదిలీ చేశారు.

మంగతాయారు మాత్రం కానుగ నూనె మానలేదు. చలి ముదిరేసరికి కొడుకు వీపు మీద నల్లగా, మెత్తగా కొత్త బొచ్చు మొలిచింది. అది చూసి లేళ్లూ, కోతులూ, అడవిపిల్లితో సహా కుందేళ్ల అధ్యక్షుడూ అదే నూనె రాసుకుని బాగుపడ్డారు.

దర్బారులో ఎవరూ రాసుకోలేదు. లేని గజ్జికి నూనె ఎలా రాస్తారు? చలి వెళ్లేసరికి గురునాథం తోక తాడులా తయారైంది. సింహం మెడ మీద ఒక్క వెంట్రుకా మిగల్లేదు. జూలు లేకపోవడమే రాజలక్షణమని కొత్త చాటింపు వేయించి, అది వింటూ రాజుగారు రెండు పంజాలతో మెడ బరుక్కున్నారు.

నీతి: రోగం ఎక్కణ్ణించి వచ్చిందో కనిపెట్టిన వాడు పండితుడు, ఎక్కడిదాకా వెళ్లిందో కనిపెట్టిన వాడు రాజద్రోహి.