పాతరలో వారసులు

ఆదివారం పొద్దున్నే టిఫిను ముగించి, బస్సెక్కి జమ్మలమడుగు పోయి, పాత ఊరంతా చూసేసి, మధ్యాహ్నం భోజనం వేళకు ఇల్లు చేరాలన్నది రాజేశ్వరమ్మ వేసుకున్న పథకం. ఆమెది ప్రొద్దుటూరులో బట్టల అంగడి. అంగడిని కొడుకూ కోడలూ చూసుకుంటున్నారు కాబట్టి ఆమెకు మిగిలింది బోలెడంత తీరిక, దాన్ని మించిన కుతూహలం. దారిలో ఎవరింటి తలుపైనా ఓరగా తెరిచి ఉంటే, లోపల ఏముందో చూడనిదే ఆమెకు కాలు ముందుకు సాగదు.

ఈ సంగతి తెలిసిన కోడలు శిల్ప, ఫోనులో ఒక కబురు కనిపించగానే అత్తగారి పేరు ఇచ్చేసింది. చదువుకున్న కుర్రకారు కొందరు కలిసి 'వారసత్వ నడక' అని మొదలుపెట్టారట. ఒక ఆదివారం ప్రొద్దుటూరు, తరువాతి ఆదివారం జమ్మలమడుగు, ఆపై పులివెందుల. పాత ఇళ్లూ వీధులూ చూపించి, వాటి కథలు చెబుతారట.

"ప్రొద్దుటూరుది నాకొద్దు. మన ఊర్ని మనకొకరు చూపించేదేంది? జమ్మలమడుగుకు పోతా," అంది రాజేశ్వరమ్మ. "అందరూ ఆ ఊరి మీదుగానే గండికోటకు పోతాండారు. ఊర్లో ఏముందో ఒక్కరూ చూడరు."

"సరే అత్తా. పాత బస్టాండు కాడ గైడు ఉంటారంట. పసుపు టోపీ గుర్తు. గుర్తుపెట్టుకో, పసుపు టోపీ."

తోడుగా గులాబ్‌బీ వచ్చింది. గులాబ్‌బీ పక్క వీధిలో టైలరు. పెళ్లికూతుళ్ల రవికెలన్నీ ఆమె దగ్గరికే వస్తాయి. మాట తక్కువ. కంటితో చూస్తే చాలు, టేపు అక్కర్లేకుండా కొలత చెప్పేస్తుంది.

ఆలస్యమైతే ఏ మొదటి ఇల్లో తప్పిపోతుందన్న భయంతో రాజేశ్వరమ్మ గంట ముందు బస్సే ఎక్కించింది. పాత బస్టాండులో దిగేసరికి టీ అంగడి ముందు పసుపు టోపీ తళతళా మెరుస్తూ కనిపించింది. టోపీ కింద పవన్‌కుమార్ అనే మేస్త్రి ఉన్నాడు. టోపీ ఏదో సిమెంటు కంపెనీ వాళ్లు పంచిపెట్టింది. అతను ఒక ఇంట్లో గోడ కట్టడానికి కొలతలు తీసుకోవాల్సి ఉంది. పంపకం తీర్చడానికి ప్రొద్దుటూరు బస్సులో ఒక పెద్దమనిషి దిగుతాడు, ఆయన్ను వెంటబెట్టుకొని రమ్మని ఇంటివాళ్లు చెప్పి ఉన్నారు.

"ప్రొద్దుటూరు నుంచేనామ్మా?" అని అడిగాడు పవన్‌కుమార్.

"అవునప్పా. వారసత్వానికి వచ్చినాం," అంది రాజేశ్వరమ్మ.

పవన్‌కుమార్ కాసేపు ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. పెద్దమనిషి వస్తాడన్నారు, ఇద్దరు పెద్దమ్మలు దిగారు. పంపకాల్లో ఎప్పుడేం మారుతుందో మేస్త్రికి చెప్పేదెవరు? "అయితే రాండి, ఇల్లు ఈడనే," అంటూ సందులోకి దారి తీశాడు.

"మిగతావాళ్లు?" అంది రాజేశ్వరమ్మ.

"అందరూ ఆడనే ఉండారు. మీ కోసమే కాచుకోని ఉండారు."

తమకోసం కాచుకున్నారంటే రాజేశ్వరమ్మకు మహదానందం కలిగింది.

ఆ ఇల్లు కడప బండలు పరిచిన పాత మట్టి మిద్దె. చెక్కిన టేకు స్తంభాలు, మిద్దె నడుమ వెలుగు పడే గవాక్షం, ఏనుగులు చెక్కిన ద్వారబంధం. అందులో శేషాద్రి, చెన్నకేశవులు అనే అన్నదమ్ములు కాపురముంటున్నారు. మూడేళ్ల కిందట తమ్ముడి ఏసీ నీళ్లు అన్న తులసికోటలో పడ్డాయి. అక్కడ మొదలైన మాట పెరిగి పెరిగి, చివరికి మాటల్లేకుండా పోయింది. ఇప్పుడు నడుమ హాలును రెండుగా చీలుస్తూ గోడ లేపాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. మూడేళ్లలో వాళ్లిద్దరూ ఒప్పుకున్నది అదొక్కటే. అది కూడా మేస్త్రి ద్వారా.

పవన్‌కుమార్ లోపలికి పోయి శేషాద్రి చెవిలో ఊదాడు. "ప్రొద్దుటూరు నుంచి ఇద్దరు ఆడోళ్లు వచ్చినారు సామీ. వారసత్వం సంగతంట."

శేషాద్రికి చప్పున మేనత్త గుర్తొచ్చింది. వాళ్ల నాయనకు ఒక అక్క ఉండేది. ప్రొద్దుటూరుకు ఇచ్చారని, ఏదో మాట పట్టింపుతో రాకపోకలు తెగిపోయాయని చిన్నప్పుడు విన్నాడు. ఆమె సంతానం ఏమైందో ఈ ఇంట్లో ఎవరూ ఎన్నడూ వాకబు చేయలేదు. ఇప్పుడు ఆ సంతానమే ఇంటి మెట్లెక్కి, ద్వారబంధం మీది ఏనుగులను చేత్తో నిమురుతూ నిలబడి ఉంది.

"రండమ్మా, కూచోండి," అన్నాడు నీరసంగా. "మీరు అసలు ప్రొద్దుటూరోళ్లేనా?"

"మెట్టినిల్లు ప్రొద్దుటూరు. మా అమ్మ మాత్రం ఈ ఊర్లోనే పుట్టిందంట. ఏ ఇల్లో తెల్దు," అంది రాజేశ్వరమ్మ. "అందుకే ఇల్లిల్లూ చూడాలని శానా ఆశ."

చెన్నకేశవులు హాలుకు అవతలి కొసన, తన భాగమనుకున్న చోట నిలబడి ఉన్నాడు. ఆ మాట విని రెండడుగులు ఇవతలికి వేశాడు. అన్నదమ్ములు మనసులో గీసుకున్న సరిహద్దు గీతను మూడేళ్లలో అతను దాటడం అదే మొదటిసారి.

రాజేశ్వరమ్మ ఆ గీత గురించి ఏమీ ఎరగదు. ఇంత మర్యాదగా ఇల్లు చూపించేవాళ్లు దొరికారు కదా అని ప్రశ్నల మూట విప్పింది. "ఈ దూలాలన్నీ టేకేనా? ఆ గది ఎవరిది? పెద్దాయన ఎవరికైనా రాసిచ్చినాడా, ఉమ్మడిదేనా? ఈ తలుపు ఎందుకు మూసినారు, తీయండి చూద్దాం."

ప్రతి ప్రశ్నకూ అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గులాబ్‌బీ మాత్రం హాలు నడుమ నిలబడి, కళ్లద్దాల మీదుగా ఈ మూల నుంచి ఆ మూలకు చూసి, "అక్కా, ఇది ఇరవై రెండు అడుగులు ఉంటాది," అంది. పవన్‌కుమార్ టేపు పరిచి చూశాడు. ఇరవై రెండే. అతను టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"సర్వేయరమ్మను కూడా తెచ్చుకునింది," అని చెన్నకేశవులు గొణిగాడు. గొణిగింది అన్నతోనే.

అంతలో శిల్ప ఫోను చేసింది. "అత్తా, ఫోటోలు తీస్తాండావా?"

"అన్నీ తీసుకుంటాండా మ్మే. తలుపులూ స్తంభాలూ ఒక్కటీ వదల్లేదు. ఇంక పైన మిద్దె మిగిలింది, అదీ తీసుకోనే వస్తా," అని రాజేశ్వరమ్మ ఇల్లంతా వినిపించేలా చెప్పి ఫోను పెట్టేసింది.

శేషాద్రి భార్య ఓబుళమ్మ అందరికీ కాఫీ తెచ్చింది. వెనకాలే తోడికోడలు మంచినీళ్లు తెచ్చింది. ఆ రెండు వంటిళ్ల నుంచి ఒకే పళ్లెంలోకి చెంబులూ గ్లాసులూ చేరడం వీధిలోవాళ్లు చూసి ఉంటే పండగనుకునేవాళ్లు.

కాఫీ తాగి లేస్తుండగా రాజేశ్వరమ్మ కాలి కింద ఒక బండ డొల్లగా మోగింది. ఆమె ఆగింది. మళ్లీ తొక్కి చూసింది. మళ్లీ మోగింది.

"కింద పాతర ఉందా?" అంది, కళ్లు విప్పార్చి. "జొన్నలు దాచేవాళ్లు కదా! నేను వినడమే గానీ ఎప్పుడూ చూడలేదు. తీయండప్పా, మీకు పుణ్యం ఉంటుంది."

అన్నదమ్ములిద్దరికీ ఒకేసారి ఒకే అనుమానం వచ్చింది. పాతర ఉందని తమకు తెలుసు గానీ, ఊరుకాని ఊరి నుంచి వచ్చిన మనిషి నేరుగా దాని మీదే కాలు పెట్టిందంటే ఏదో తెలిసే వచ్చి ఉండాలి. తాత ఏమైనా దాచాడా? దాచి, కూతురికి మాత్రమే చెప్పాడా?

"అట్లనే తీస్తాం," అన్నాడు శేషాద్రి. "రేయ్ కేశవా, పట్టు."

తమ్ముడు పట్టాడు. పవన్‌కుమార్ గడ్డపారతో సందు చేశాడు. బండ పక్కకు జరిగింది. చీకటిగా, సీసా ఆకారంలో గొయ్యి కనిపించింది. శేషాద్రి పంచె ఎగగట్టి దిగబోతుంటే, గులాబ్‌బీ ఆపింది.

"తెరిచిన వెంటనే దిగొద్దన్నా. చెడు గాలి ఉంటాది. దీపం దించి చూడండి."

దీపం దించారు. ఆరిపోయింది. చాలాసేపు గాలి ఆడనిచ్చి మళ్లీ దించారు. ఈసారి నిలకడగా వెలిగింది. అప్పుడు నిచ్చెన వేశారు. అన్న ముందు దిగితే దొరికింది దాచేస్తాడని తమ్ముడికి భయం. తమ్ముడు ముందు దిగితే అన్నకూ అదే భయం. దాంతో ఇద్దరూ ఒకే నిచ్చెన మీద, ఒకరి తల మీద ఒకరి కాలుగా దిగారు. కింది మెట్టు టప్పుమని విరిగింది. దాని వెంట పై మెట్లు వరసగా విరిగాయి. అన్నదమ్ములు పాతర అడుగున దుమ్ములో కూలబడ్డారు. దెబ్బలేం తగల్లేదు. దొరికిందల్లా పుచ్చిన జొన్నలు పిడికెడు, ఒక చీకిపోయిన చేట.

"నిచ్చెన తేండి!" అని శేషాద్రి కింది నుంచి అరిచాడు. పవన్‌కుమార్ పక్కింటి నిచ్చెన కోసం పరుగెత్తాడు.

పైన రాజేశ్వరమ్మ గొయ్యిలోకి తొంగి చూస్తూ, "ఎంత చల్లగా ఉందో కదా లోపల! గోడలకు ఏం పూసినారప్పా?" అని అడిగింది.

కింద చీకట్లో శేషాద్రి గొంతు తగ్గించాడు. "రేయ్, ఈమె ఒక్కతే వచ్చిందో, ఇంకా ఉండారో?"

"అత్తకు ఎంతమంది బిడ్డలో ఎవరికి తెలుసన్నా? మనం గోడ కట్టి పంచుకుంటే, మూడో భాగం నాకంటాది. నాలుగోది ఇంకొకరు అంటారు."

"అయితే గోడే వద్దు."

"నేనూ అదే అంటాండా. ఇల్లు ఒక్కటిగా ఉంటేనే గట్టిగా నిలబడొచ్చు."

"ఆ ఏసీ నీళ్లకు పైపు వేయిస్తే సరిపోయేది కదరా."

"తులసికోట రెండు అడుగులు జరిపినా సరిపోయేదే."

చెన్నకేశవులు అన్న భుజం మీది దుమ్ము దులిపాడు.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు దగ్గర చాలామంది కాళ్ల చప్పుడు వినిపించింది. పాతికమంది దాకా జనం హాలులోకి నడిచొచ్చారు. వాళ్లముందు పసుపు టోపీ పెట్టుకొని, మెడలో చిన్న మైకు తగిలించుకున్న అమ్మాయి ఒకతె. పేరు సాయిశ్రీ. ఈ ఇల్లు చూపించడానికి ఆమె పదిరోజుల కిందటే ఓబుళమ్మను అడిగింది. ఓబుళమ్మ సరేనంది. తరువాత గోడ గొడవల్లో మొగుడికి చెప్పడం మరిచిపోయింది.

సాయిశ్రీ మైకు సరిచేసుకుంది. ఆమె గొంతు గవాక్షం దాకా మోగింది.

"అందరూ లోపలికి రండి! మొహమాటపడకండి! ఈ ఇల్లు ఇందులో ఉండేవాళ్లది మాత్రమే కాదు. ఇది మనందరి వారసత్వం!"

జనం చప్పట్లు కొట్టారు.

పాతర అడుగున శేషాద్రి తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అయ్యో కేశవా, లారీ వేసుకోని వచ్చినట్లుండారు కదరా!"

"మీరెవ్వరూ ఏమీ ముట్టుకోవద్దు!" అని చెన్నకేశవులు భూమిలోంచి అరిచాడు. "ఇది ఉమ్మడి ఆస్తి! మా అన్న బతికుండాడు!"

నేల మాట్లాడేసరికి ముందు వరసలోని ఆయన తన పిల్లవాణ్ని ఎత్తుకొని వెనక్కి పరుగెత్తాడు. సాయిశ్రీ మాత్రం తొణక్కుండా, "ఇది కార్యక్రమంలో లేదు," అంది మైకులోనే.

ముందుగా సంగతి అర్థమైంది ఓబుళమ్మకు. పసుపు టోపీని చూసింది, సాయిశ్రీని చూసింది, నిచ్చెన మోసుకొస్తున్న పవన్‌కుమార్ టోపీని చూసింది. రాజేశ్వరమ్మ వైపు తిరిగింది. "అక్కా, మీరు వాటా కోసం రాలేదా?"

"వాటానా? ఏం వాటా?" అంది రాజేశ్వరమ్మ. "ఊరు చూడను వచ్చినాం తల్లీ!"

"మరి మీ అమ్మ ఈ ఊర్లో పుట్టిందంటిరే!"

"పుట్టింది. మా తాత ఉద్యోగం మీద వచ్చి ఈడ బాడుగింట్లో ఉన్నాడు. రెండేండ్లకు బదిలీ అయిపోయినాడు. మాకు ఈ ఊర్లో గజం జాగా ల్యా."

ఓబుళమ్మ తోడికోడలి భుజం మీద తల పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. తోడికోడలికి ఆ నవ్వు అంటుకుంది. మూడేళ్లుగా ఒకే వంటింటి గోడకు అటూ ఇటూ మూతులు బిగించుకొని వంట చేసుకున్న ఆ ఇద్దరూ స్తంభానికి ఆనుకొని కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

అన్నదమ్ములను బయటికి లాగేసరికి వాళ్లిద్దరూ జొన్న దుమ్ముతో ఒకే రంగులో ఉన్నారు. సంగతంతా విని శేషాద్రి పాతర పక్కనే చతికిలబడ్డాడు. రాజేశ్వరమ్మకు ప్రాణం చచ్చిపోయినట్లైంది. తన నోరు ఇంత పని చేసిందా అనుకుంది.

"తప్పైపోయిందన్నా," అంది. "నాకు చూడాలన్న యావే గానీ, పరుల ఇల్లు తవ్వించాలని కాదు."

"పోనీలేమ్మా," అన్నాడు శేషాద్రి. "పుట్టినప్పటి నుంచి ఈ ఇంట్లోనే ఉండాం. ఈ మూడేండ్లూ ఎవరి గది ఏందో తప్ప ఇల్లెట్లుందో చూసింది ల్యా."

పవన్‌కుమార్ టేపు చుట్టుకుంటూ మెల్లగా అడిగాడు. "సామీ, గోడ ఎప్పుడు మొదలుపెట్టేది?"

అన్న తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు తులసికోట వైపు చూశాడు. "ఈ రోజు మంచిది కాదులే," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఆ తరువాత నడక బ్రహ్మాండంగా సాగింది. దూలాల సంగతి శేషాద్రి చెబితే, మిద్దె మన్ను సంగతి చెన్నకేశవులు చెప్పాడు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు సరిదిద్దుకుంటుంటే సాయిశ్రీకి మైకు అందలేదు. అందరికంటే ఎక్కువ జనం మూగింది పాతర దగ్గరే. రాజేశ్వరమ్మ అయితే కొత్త నిచ్చెన మీద దిగి, గోడను వేలితో గీకి చూసి మరీ ఎక్కింది. అసలు రావలసిన ప్రొద్దుటూరు పెద్దమనిషి ఆలస్యంగా బస్సు దిగి, వీధి మొదట్లోంచే ఇంటి ముందు గుంపును చూసి, తగువు చేయి దాటిపోయిందనుకొని అదే బస్సులో వెనక్కి పోయాడని తరువాత తెలిసింది.

ఒక నెల గడిచింది. ఒకనాటి పొద్దున రాజేశ్వరమ్మ ఫోను మోగింది. అవతల ఓబుళమ్మ గుసగుసగా మాట్లాడుతోంది.

"అక్కా, బాగుండావా? ఈడ మళ్లా మాటా మాటా వచ్చింది. నిన్న రాత్రి నుంచి ఇద్దరూ మాట్లాడుకోల్యా. పవన్‌కుమార్‌కు కబురు చేసినారంట. నువ్వు ఏమనుకోకుంటే, గులాబక్కను తోడుకొని, ఒక్కసారి వచ్చి వాటా అడిగి పోతావా?"

ఈసారి పెరట్లోని బావి కూడా కావాలని అడగడానికి నిశ్చయించుకొని, రాజేశ్వరమ్మ మొదటి బస్సుకే బయలుదేరింది.