మూడో నంబరు కిటికీ ట్రైనింగ్

సైనికులకు ట్రైనింగ్ ఇవ్వడానికి మైదానాలు, తుపాకులు, సుబేదార్లు ఎందుకండీ? శుద్ధ దండగ! ఒక కిటికీ చాలు. దాని వెనక నాలాంటి గుమాస్తా ఒకడు చాలు.

నవ్వకండి. బళ్ళారి జిల్లాలో ఒకానొక కచేరిలో మూడో నంబరు కిటికీ వెనక ఇరవై ఆరేళ్లుగా కూర్చుంటున్నాను. ఊరి పేరు మాత్రం చెప్పను. అది రక్షణ రహస్యం. ఇన్నాళ్లలో ఎంతమందిని తయారుచేశానో నాకే లెక్క లేదు. ఒక్క పతకమైనా ఇచ్చారా?

అసలు సైనిక శిక్షణ దేనికి? ఎండలో గంటలకొద్దీ నిలబడటానికి. మా వరండా మీద రేకులు మొన్నటి గాలికి ఎగిరిపోతే, మళ్లీ వేయించకుండా అడ్డుపడింది నేనే! ఎదురు ప్రశ్న వేయకుండా ఆజ్ఞ పాటించడానికి కూడా. "నాళె బా" అంటాను, రేపు రమ్మని. ఎందుకని అడిగిన నాథుడు లేడు. ఈ డిసిప్లిన్ ఏ కర్నల్ దగ్గర ఉందో చూపించండి!

ఇక సరిహద్దు కాపలా. దీనికి మా హులిగేశే సాక్షి.

దగ్గర్లోని కప్పగల్లు ఊరివాడు. పదహారు వందల మీటర్లు ఐదు నిమిషాల్లో పరిగెత్తుతాడు. సైన్యంలో చేరాలని పట్టుదల. సోమవారం భర్తీ ర్యాలీ. 'ఈ జిల్లావాడే' అని సర్టిఫికెట్ లేకపోతే లోపలికి రానివ్వరు. ఈ ర్యాలీ తప్పితే వయసు దాటిపోతుంది. అందుకని నెల ముందే తల్లి దురుగమ్మను వెంటబెట్టుకుని నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

కాగితాలు తిరగేశాను. పుట్టింది ఇక్కడే. రేషన్ కార్డూ ఇక్కడిదే. కానీ ఏడేళ్లు చదివింది ఆంధ్రా వైపు, మేనమామ ఊళ్లో తెలుగు బడిలో. దొరికాడు!

"నువ్వు ఆంధ్రావాడివి. ఆడికి పోయి తెచ్చుకో" అన్నాను. వెళ్లాడు. అక్కడి గుమాస్తా నాకంటే సీనియర్. "మీది కర్నాటక కదప్పా, వాపసు పో" అన్నాడట.

లోకంలో ఎక్కడైనా సరిహద్దు దగ్గర రెండు పక్షాలూ 'నాది, నాది' అని కొట్టుకుంటాయి. మా దగ్గర రెండు పక్షాలూ 'నీది, నీది' అని మర్యాద చేసుకుంటాయి. ఆ మర్యాద మధ్య హులిగేశ్ కాలికి బలపం కట్టుకుని ఆరుసార్లు తిరిగాడు. గస్తీ అంటే ఇంకేమిటండీ?

ఏడోసారి, శుక్రవారం, దురుగమ్మ కిటికీ ఊచలు పట్టుకుంది.

"ఇదేం న్యాయమప్పా! ఈడనే కన్నా, ఈడనే సాకినా. నా కొడుకు యాడోడో నాకు తెలీదా? సోమారమే ఉండాది సార్ ర్యాలీ. నీ కాళ్లు మొక్కుతా, ఒక్క సీలు కొట్టప్పా!"

కరిగిపోయాననుకుంటున్నారా? ట్రైనింగ్ ఇచ్చేవాడు కరగకూడదు. "నాళె బా, తాయి" అన్నాను, తల్లీ అని మర్యాదగానే. మర్నాడు రెండో శనివారం, కచేరికి సెలవు. ఆ సంగతి వాళ్లకు తెలియదు.

హులిగేశ్ తల్లి భుజం పట్టుకున్నాడు. "రామ్మా, పోదాం. సార్ రేపు రమ్మన్నాడు కదా."

చూశారా!

సోమవారం ర్యాలీ జరిగిపోయింది. నేనేం రాక్షసుణ్ణి కాదు, సీలు కొట్టాను. మంగళవారం కొట్టాను.

హులిగేశ్ ఒక్కడే వచ్చాడు. "ఏంది సార్, ఇప్పుడు దీన్ని ఏం చేసుకోవాల?" అని నిలదీస్తాడనుకున్నాను. 'పక్క కిటికీలో అడుగు' అని జవాబు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను. అడగలేదు. సర్టిఫికెట్‌ను రెండు చేతులా అందుకుని, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. మడమలు చేర్చి నిటారుగా నిలబడి నాకు సెల్యూట్ కొట్టాడు. ర్యాలీ కోసం ఏడాదిగా అద్దం ముందు నేర్చుకున్నాడని తర్వాత ఎవరో చెప్పారు. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

నా సర్వీసులో నాకు అందిన మొదటి సెల్యూట్! వరండాలో జనమంతా చూస్తున్నారు. తిరిగి సెల్యూట్ చేయాలి కదండీ, అది పద్ధతి. కుర్చీలోంచి లేవబోయాను. కాళ్లు లేవలేదు. చెయ్యీ లేవలేదు.

ఏం చేయను? నాకెవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు.