పద్దెనిమిది నిమిషాల వైద్యం

డాక్టరును ఎంచుకునేటప్పుడు మీరేం చూస్తారు? పట్టాలా? అనుభవమా? హస్తవాసా? అన్నీ వృథా! ఆయన ఇల్లు ఆస్పత్రికి ఎంత దూరమో కనుక్కోండి. ఎంత దూరమైతే అంత విద్వత్తు!

హాలిఫాక్స్ నగరంలో నలభై ఏళ్లు లాటిన్ ఛందస్సు బోధించి, నేటికీ ఆదివారాలు చర్చిలో వాక్యం చదువుతున్న వృద్ధుణ్ణి. తేలిగ్గా అనే మాట కాదిది. నా దగ్గే ఇందుకు ప్రమాణం.

నెల రోజులుగా పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం. ఆస్పత్రిలో చేరాను. నన్ను చూస్తున్నది డాక్టర్ బ్రెన్నా కోమో. ఇంకా శిక్షణలో ఉన్న చురుకైన అమ్మాయి. ఆమె చదువంతా పాడ్‌కాస్టులలోనే. కాలేయాన్ని బంగాళాదుంపల చెక్కు తీస్తూ నేర్చుకుంది. మూత్రపిండాలు గిన్నెలు తోముతూ పూర్తిచేసింది. ఊపిరితిత్తుల వంతు కారులో వచ్చింది. గురువు ఎదురుగా ఉండడు, కసరడు, ఎన్నిసార్లు అడిగినా మళ్లీ చెబుతాడు. ఇంతకన్నా భాగ్యమేముంది? ఒకటిన్నర రెట్ల వేగంలో ఆ గురువు యతి దగ్గర కూడా ఊపిరి తీసుకోడన్నదే నా ఒక్క అభ్యంతరం!

ఆమె ఇల్లు వంతెనకు అవతల, డార్ట్‌మౌత్‌లో. అక్కడ కారెక్కితే పాఠం మొదలు. ఆస్పత్రి పార్కింగులో ఇంజన్ ఆపితే సమాప్తం. నడుమ సరిగ్గా పద్దెనిమిది నిమిషాలు. పాఠమేమో, అంత వేగంలోనూ, ముప్పై!

"మాస్టారూ, ఇంట్లో పక్షులేమైనా ఉన్నాయా?" అని అడిగింది ఒక ఉదయం.

"పద్నాలుగు పావురాలమ్మా."

ఆమె ముఖం వెలిగిపోయింది. "అనుకున్నా! రెట్టల దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులు వాస్తాయి. ఇప్పుడే విన్నా. ఎందుకొస్తుందో, ఎలా కనిపెట్టాలో, మొత్తం!"

"మరి చికిత్స?"

"అదీ... అంతలో పార్కింగ్ వచ్చేసింది మాస్టారూ."

"ఇంటికి వెళ్తూ వినరాదూ?"

"ఇరవై నాలుగ్గంటల డ్యూటీ అయ్యాకా? కునుకు పట్టకుండా పాటలు పెట్టుకుని గొంతు చించుకుంటానండీ!"

"పోనీ, పెద్దాయన్ని అడుగు."

పెద్ద డాక్టరు లాంగిల్ గారు అప్పుడే తుపానులా వచ్చారు. ఆమె నోరు తెరిచేలోపే, "దానిమీద మంచి పాడ్‌కాస్ట్ ఉందిగా, వినలేదా?" అంటూ తుపానులాగే వెళ్లారు. చూశారా, గురువులకు సైతం ఎంత వెసులుబాటు!

నా అదృష్టం, ఈమెది పద్దెనిమిది నిమిషాల దూరం. ఆస్పత్రి ఎదుటి వీధిలో ఉండే కుర్ర డాక్టరుకు పాఠం ముందొచ్చే సంగీతమూ, పరుపుల ప్రకటనా మాత్రమే దక్కుతాయి. నడుంనొప్పితో వెళ్లినవాడికి మంచి పరుపు కొనుక్కోమని చెప్పి పంపాడట! అదే ట్రూరో నుంచి గంట ప్రయాణం చేసి వచ్చే డాక్టరమ్మ ఉన్నదే, ఆమె సాక్షాత్తు ధన్వంతరి!

మర్నాడు మిగతాది వినవచ్చుగా అంటే, కారెక్కగానే పాఠం మళ్లీ మొదటినుంచే మొదలవుతుందట! ఇక నాకు మిగిలింది ప్రార్థన ఒక్కటే. ప్రభూ, మంచు కురిపించు! గురువారం మొరాలకించాడు. వంతెన మీద వాహనాలు గంటసేపు కదల్లేదు. తడి బూట్లతో వార్డంతా బురద చేస్తూ బ్రెన్నా పరుగున వచ్చింది.

"అయిపోయింది మాస్టారూ! చివరిదాకా విన్నా!"

"చెప్పు తల్లీ."

ఆమె గొంతు తగ్గింది. "ముందు పావురాల్ని ఎవరికైనా ఇచ్చెయ్యాలి. మందులు ఆ తర్వాతే."

ఒక్కో పావురానికి ఒక్కో వృత్తం పేరు పెట్టుకున్నాను. పేర్లతో సహా ఊరవతలి రైతుకు అప్పగించాను. మూడు వారాలకు దగ్గు తగ్గింది. ఇంటి వెనక గూళ్లవైపు మాత్రం ఇంకా చూడలేకపోతున్నాను.

లాంగిల్ గారు నా కాగితాలు తిరగేసి, "భలే పట్టావమ్మాయ్! ఎక్కడ నేర్చుకున్నావ్?" అన్నారు.

"వంతెన మీదండీ."

ఇంత చక్కగా సాగుతున్న విద్యకు ఇప్పుడు ఆపద వచ్చింది. శిక్షణలో ఉన్న డాక్టర్లకు ప్రయాణంలో కాలం వృథా అవుతోందని, ఆస్పత్రి ఎదుటే వసతిగృహం కడతారట! అయ్యా, పెద్దలారా, అంత ఘోరానికి ఒడిగట్టకండి. వాళ్లకున్న విశ్వవిద్యాలయం ఆ రోడ్డొక్కటే!

కట్టి తీరతామంటారా? అయితే డ్యూటీలోనే వాళ్లకు రోజుకొక గంట ఇవ్వండి. ఆ గంట లాంగిల్ గారిని కూడా ఒక కుర్చీలో కదలకుండా కూర్చోబెట్టండి. అది కుదరదంటే వసతిగృహం మాట మానేయండి. రాబోయేది వేసవి, మంచు కోసం నేను ప్రార్థించి లాభం లేదు. కనీసం వంతెన మీద సగం దారి మూసేసి మరమ్మతులు మొదలుపెట్టండి!