పాదిరి మడుగులో కదలని మనిషి

డూగల్ రాటరే ఆ శనివారం తెల్లవారకముందే లేచింది ఒక్క సాల్మన్ చేప కోసం. రెండక్కర్లేదు, ఒకటి చాలు. అక్టోబరు పదిహేను, సీజనుకు ఆఖరి రోజు. పొద్దు గూకిందంటే మళ్లీ జనవరి దాకా కార్నీ నదిలో గాలం వేసే వీలు లేదు. నలభై ఒక్క సీజన్లుగా ఏ ఒక్క ఏడూ వట్టి చేతులతో ఇంటికి రాని మనిషి ఆయన. చేపల సంఘం గుడిసెలో ఒక చెక్క పలక ఉంది. ఏ ఏడూ తప్పకుండా చేప పట్టేవాళ్ల పేర్లు దాని మీద ఉంటాయి. ఒక్క ఏడు తప్పితే పేరు గీకేస్తారు. గీకగా గీకగా ఇప్పుడు మిగిలినవి రెండే పేర్లు. ఒకటి డూగల్‌ది, రెండోది ఆయన బావమరిది లాకీది. లాకీ మే నెలలోనే తన చేప పట్టేసి, అప్పటినుంచి ప్రతి ఆదివారం భోజనాల దగ్గర దాని పొడవు చేతులు చాపి చూపిస్తున్నాడు. ఆ చేప వారానికో అంగుళం పెరుగుతోంది.

ఈ ఏడు చేప పడకపోవడానికి కారణం డూగల్ కనిపెట్టాడు. కొత్త కోటు. పుట్టినరోజుకని భార్య షీనా కొనిపెట్టిన ఆ కోటు తొడుక్కున్నప్పటినుంచి చేపలు ఆయన్ని చూసి పక్కకు తప్పుకుంటున్నాయి. అందుకే ఈ ఆఖరి రోజున పాత కోటే వేసుకోవాలని రాత్రే నిశ్చయించుకున్నాడు. తీరా చూస్తే కొట్టంలో మేకు ఉంది గానీ, మేకుకు కోటు లేదు. టోపీ కూడా లేదు.

“నా కోటేది?” అన్నాడు వంటింట్లోకి వచ్చి.

“వంటి మీదే ఉందిగా,” అంది షీనా ఓట్స్ జావ కలుపుతూ.

“ఇది కాదు. పాతది. ఆకుపచ్చది. వీపు మీద పసుప్పచ్చ అతుకున్నది.”

“అదా. మొన్న గ్రెగర్ వచ్చి పాత బట్టలేమైనా ఉన్నాయా అనడిగితే ఇచ్చేశా.”

గ్రెగర్ నది కాపలాదారు. డూగల్ ముఖం కందగడ్డలా అయింది. “నలభై ఒక్క చేపలు పట్టిన కోటది.”

“నలభై ఒక్క చేపల కంపూ దాంట్లోనే ఉంది.”

“దాన్నేం చేసుకుంటాడట వాడు?”

“చెప్తా, ముందు కూర్చో. జావ చల్లారిపోతోంది.”

డూగల్ కూర్చోలేదు. చెప్పింది వినలేదు. గాలం కర్ర చంకన పెట్టుకుని, తలుపు ఎంత గట్టిగా వేశాడంటే గోడ మీది పింగాణీ పళ్లెం ఊడి కింద పడింది. వంతెన దగ్గరికి వచ్చాక గానీ కళ్లజోడు జావగిన్నె పక్కనే వదిలేశానని గుర్తు రాలేదు. వెనక్కి వెళ్లవచ్చు. కానీ తలుపు అంత గట్టిగా వేసి వచ్చిన మనిషి కళ్లజోడు కోసం మళ్లీ ఆ తలుపే తట్టడమంటే మాటలా? ముందుకే నడిచాడు. వంతెన కింద మూడు బాతులు దర్జాగా ఈదుతున్నాయి. పిల్ల సాల్మన్లను పూటకు ఇరవై చొప్పున మింగే రకం. వీటిని తరిమే ఏర్పాటు చెయ్యండి మహాప్రభో అని ఆయన సంఘానికి ఇప్పటికి పదకొండు ఉత్తరాలు రాశాడు. ఆఖరి ఉత్తరంలో ‘సంఘం చచ్చిందా, బతికే ఉందా’ అని కూడా అడిగాడు.

ఆయన వెళ్లింది పాదిరి మడుగుకు. ఎప్పుడో ఒక పాదిరి ఆదివారం గాలం వేసి ఉద్యోగం పోగొట్టుకున్న చోటు అది. అక్కడ చేప పట్టడానికి ఒక పద్ధతి ఉంది. మడుగు పై కొసన నీళ్లలోకి దిగాలి. కొక్కేనికి ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగను ఒక్కసారి విసరాలి. రెండడుగులు కిందికి జరగాలి. మళ్లీ విసరాలి, మళ్లీ రెండడుగులు. వెనక వచ్చేవాడూ అంతే. అలా అందరూ వరసలో మడుగంతా దిగుతారు, అందరికీ అన్ని చోట్లా అవకాశం దొరుకుతుంది. ముందున్నవాడు ఒప్పుకోనిదే అతన్ని దాటకూడదు. గట్టు మీద దబదబా నడవకూడదు, అరవకూడదు, చేపలు బెదురుతాయి.

ఇవన్నీ గుడిసె తలుపు మీద తొమ్మిది నియమాలుగా ఎర్ర రంగుతో రాసింది డూగలే. తొమ్మిదోది మాత్రం కాస్త వేరు: చేప తగిలిన క్షణాన గాలం కర్ర ఎవరి చేతిలో ఉంటే చేప వాళ్లదే. ఎనిమిదేళ్ల కిందట లాకీ టీ పోసుకుంటూ, కాస్త పట్టుకో బావా అని తన కర్ర డూగల్‌కు ఇచ్చాడు. సరిగ్గా అప్పుడే సాల్మన్ తగిలింది. ఆ ఏడు డూగల్ పట్టిన చేప అదొక్కటే. ఆ వారమే తొమ్మిదో నియమం పుట్టింది.

మడుగు మీద మంచు కమ్ముకుని ఉంది. డూగల్ దిగి, విసిరి, రెండడుగులు జరిగి, మళ్లీ విసిరి, అలా సగం దూరం వచ్చేసరికి ముందర నడుములోతు నీళ్లలో ఒక మనిషి వీపు కనిపించింది. చేతిలో కర్ర. తల మీద టోపీ. కళ్లజోడు లేని కళ్లకు మనిషి మసకగానే ఉన్నాడు గానీ, వీపు మీది పసుపు మచ్చను డూగల్ గుడ్డి దీపంలోనైనా గుర్తు పడతాడు.

విషయం అర్థమైపోయింది. పట్నం నుంచి ఎవడో రోజు టికెట్టు కొనుక్కుని ఊడిపడ్డాడు. వెంట సరైన బట్టలు తెచ్చుకోలేదు. గ్రెగర్ పోయి డూగల్ కోటు తెచ్చి వాడికి తొడిగాడు. ఇప్పుడు ఆ కోటు వేసుకుని, ఆ కోటుకు రావలసిన చేప కోసం వాడు నిలబడ్డాడు. నిలబడటమంటే మామూలుగా కాదు. అడుగు తీసి అడుగు వేయడు.

“గుడ్ మార్నింగండీ,” అన్నాడు డూగల్, పళ్ల మధ్య నుంచి.

జవాబు లేదు.

ఐదు నిమిషాలు ఆగి దగ్గాడు. ఇంకో ఐదు నిమిషాలు ఆగాడు. “అయ్యా, తమరు దయచేసి రెండడుగులు జరిగితే మేమూ బతుకుతాం.”

ఆ మనిషి మెడ కూడా తిప్పలేదు. అంతలో అతనికి పది బారల కింద నీళ్లు చీలి, ఇత్తడి రంగులో ఒక సాల్మన్ గాల్లోకి ఎగిరి దభీమని పడింది. ఇరవై పౌన్లకు తక్కువ ఉండదు. డూగల్‌కు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏడుపు కాదు, కోపం.

వెనక లాకీ వచ్చి చేరాడు. అతని వెనక మందుల షాపాయన, ఆయన వెనక కసాయి, కసాయి వెనక బడి బస్సు డ్రైవరు. పది గంటలకల్లా వరస గుడిసె దాకా పాకింది, మంచు మాత్రం ఇంకా పూర్తిగా విడలేదు. ఆఖరి రోజు కదా, ఊరంతా దిగింది.

“ఏం బావా, కాళ్లకు వేళ్లు మొలిచాయా?” అన్నాడు లాకీ.

“నాకు కాదు, ఆ ముందున్నవాడికి. మూడుసార్లు చెప్పా. మనిషా మానా వాడు?”

లాకీ ఆ వీపు వైపు కాసేపు చూశాడు. “పట్నం వాళ్లకు పొగరెక్కువ బావా,” అని మొహం అటు తిప్పుకున్నాడు. తర్వాత గట్టెక్కి కూర్చుని, మాంసం కూరిన బ్రైడీ ఒకటి తీసి తినసాగాడు. చేపల వేళ లాకీ అంత నిమ్మళంగా కూర్చోవడం ఎన్నడూ లేదు. డూగల్ ఆ సంగతి గమనించాల్సింది.

“దాటిపోవయ్యా, ఎంతసేపు?” అన్నాడు వెనకనుంచి కసాయి.

“ఎలా దాటుతాను? మూడో నియమం రాసింది నేను.”

“అయితే నువ్వూ ఒక రాయివే. ఒక రాయి వెనక ఇంకో రాయి. మధ్యలో మా రోజు పోయింది.”

మాట మీద మాట పెరిగింది. మందుల షాపాయన డూగల్‌ను మొండివాడన్నాడు. డూగల్ ఆయన అమ్మే దగ్గు మందు పనిచెయ్యదన్నాడు. బస్సు డ్రైవరు ఇద్దరినీ కూర్చోమన్నాడు, నడుములోతు నీళ్లలో. ఈ రభసకు గుడిసెలోంచి సంఘం అధ్యక్షురాలు మిసెస్ డల్గీష్ వచ్చింది. ముప్ఫై ఏళ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసినావిడ, ఇప్పటికీ ఎవరు మాట్లాడాలన్నా ముందు ఆవిడ మొహం చూస్తారు.

“అరవకండి. చెప్పేది ఒక్కరే చెప్పండి,” అంది.

డూగల్ చెప్పాడు. కోటు దొంగతనం, కదలకపోవడం, పలకకపోవడం, ఊరికి జరిగిన అవమానం. చెప్పేకొద్దీ కోపం చల్లారాల్సింది పోయి రాజుకుంది. కార్యవర్గంలో ఐదుగురు ఆ వరసలోనే ఉన్నారు కనుక గుడిసె ముందే అత్యవసర సమావేశం జరిగింది. ‘పాదిరి మడుగులో కదలక నిలిచిన, పసుపు అతుకు కోటు ధరించిన వ్యక్తిని ఈ నది నుంచి జీవితాంతం బహిష్కరించడమైనది’ అని డూగల్ ప్రతిపాదించాడు. కసాయి బలపరిచాడు. నాలుగు చేతులు లేచాయి.

“లాకీ, నీ చెయ్యి?”

“నేను ఎటూ కాదు మేడం. నోట్లో బ్రైడీ ఉంది.”

తీర్మానం వినిపించే బాధ్యత ప్రతిపాదించినవాడిదే. డూగల్ మళ్లీ నీళ్లలోకి దిగాడు. ఈసారి రెండేసి అడుగులు కాదు, నీళ్లు ఎగజిమ్ముతూ నేరుగా వెళ్లాడు. కుడిచేతిలో గాలం కర్ర. కోపంలో దారం చుట్టడం మరిచాడు. ఈగ ప్రవాహంలో కొట్టుకుపోతూ కింద ఎక్కడో వేలాడుతోంది.

“ఏమయ్యా,” అన్నాడు దగ్గరికి వచ్చి. “నీతోనే. నలభై ఒక్క ఏళ్ల నా కష్టాన్ని వంటి మీద వేసుకుని, పలకనైనా పలకవా? జీవితాంతం. విన్నావా? జీవితాంతం ఈ నదిలో నీ నీడ కూడా పడకూడదు.” అని కోటు కాలరు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

తల ఊడి వచ్చింది. టోపీతో సహా నీళ్లలో పడి, గడ్డి కుక్కిన గోనెసంచి ముఖంతో ఒకసారి డూగల్ వైపు తిరిగి, నెమ్మదిగా సముద్రం వైపు సాగిపోయింది.

డూగల్ కెవ్వున అరిచి, జారి, గొంతులోతు నీళ్లలో కూలబడ్డాడు. చేతిలోని కర్ర ఎగిరి దిష్టిబొమ్మ రెండు చేతుల మధ్య, దాని సొంత కర్రకూ చేతి తొడుగుకూ నడుమ బిగుసుకుపోయింది. బిగుసుకున్న మరుక్షణమే రీలు గిర్రున తిరిగింది. కర్ర విల్లులా వంగింది. కింద నీళ్లు చీలి, ఇత్తడి రంగు సాల్మన్ గాల్లోకి లేచింది. తల లేని దిష్టిబొమ్మ వణుకుతూ దాన్ని లాగి పట్టుకుంది.

“కర్ర తియ్యి బావా,” అని అరిచాడు లాకీ. ఎంతైనా చేప చేపే.

డూగల్ లేచి కర్ర లాక్కున్నాడు. ఇరవై నిమిషాలు పోరాడాడు. చలికి పళ్లు టకటకలాడుతున్నాయి, కోపం ఎటు పోయిందో తెలియదు. లాకీయే వల పట్టి చేపను ఎత్తాడు. ఇరవై రెండు పౌన్లు. ఊరంతా చప్పట్లు కొట్టింది. పద్ధతి ప్రకారం కొక్కెం తీసి, చేపను రెండు చేతులతో ప్రవాహానికి ఎదురు పట్టి, అది తోక కొట్టగానే వదిలేశాడు. నలభై రెండోది. డూగల్ పిల్లాడిలా నవ్వాడు.

అప్పటికి షీనా కళ్లజోడు పట్టుకుని వచ్చింది, వెనకే గ్రెగర్.

“చెప్తా కూర్చోమన్నానుగా,” అంది కళ్లజోడు ఆయన ముక్కు మీద పెడుతూ. “నీ పదకొండో ఉత్తరం చూసి బాతుల్ని బెదిరించడానికి బొమ్మ పెడుతున్నారట. దానికి అడిగాడు కోటు.”

“నిన్న సాయంత్రం పాతామండీ,” అన్నాడు గ్రెగర్ బెదురుగా. “చూడండి, ఈ మడుగులో ఒక్క బాతు లేదు. గుంజ దిగేసరికి లాకీగారి చేతులు బొబ్బలెక్కాయి.”

డూగల్ లాకీ వైపు తిరిగాడు. “నీకు తెలుసా?”

“నువ్వడిగావా?” అన్నాడు లాకీ. తర్వాత, గుడిసెలోంచి మిసెస్ డల్గీష్ తెచ్చిన చేపల లెక్కల పుస్తకం చూసి, తీరిగ్గా చేతులు తుడుచుకున్నాడు. “మేడం, ఆ చేప ఎవరి పేర రాస్తారు?”

“ఎవరి పేరంటే? డూగల్ పేర.”

“తొమ్మిదో నియమం చూడండి. తగిలిన క్షణాన కర్ర ఎవరి చేతిలో ఉంది?”

అందరూ దిష్టిబొమ్మను చూశారు.

“ఆ నియమం నీ కోసం పెట్టింది. దానిక్కాదు,” అన్నాడు డూగల్. గొంతు మళ్లీ లేచింది. “గడ్డి బొమ్మకు నియమమేమిటి? తీసెయ్యండి దాన్ని. ఇప్పుడే ప్రతిపాదిస్తున్నా. తొమ్మిదో నియమం రద్దు.”

“రద్దు చేద్దాం బావా. నాకూ ఇష్టమే,” అన్నాడు లాకీ చాలా మెల్లగా. “అప్పుడు ఎనిమిదేళ్ల కిందటి చేప నాదవుతుంది. ఆ ఏడు నీకింకో చేప లేదు. ఎలాగైనా పలక మీద నీ పేరు గీకాల్సిందే. ఏ ఏటికని గీకమంటావు, ఈ ఏటికా ఆ ఏటికా?”

డూగల్ షీనా వైపు చూశాడు. “ఆ కోటు నాది,” అన్నాడు చివరికి.

“ఇచ్చేశాం కదా,” అంది షీనా జాలిగా.

మిసెస్ డల్గీష్ కలం తీసి మళ్లీ ఆగింది. “చేప బొమ్మ పేర రాయడానికి చిన్న చిక్కుంది. బహిష్కరించినవాళ్ల పేరు పుస్తకంలో ఎక్కించకూడదు. ముందు ప్రతిపాదించినవారు తీర్మానం వెనక్కి తీసుకోవాలి. సంతకం ఇక్కడ, డూగల్.”

తడి చేత్తోనే ఆయన సంతకం పెట్టాడు.

బాతుల గురించి పన్నెండో ఉత్తరం సంఘానికి ఇంతవరకూ అందలేదు.