నలభై కుర్చీలు, మూడు సంతకాలు

ఆ ఉదయం కుర్చీల కర్మాగారం యజమాని కాఫీ కూడా తాగకుండా బయలుదేరాడు. కూతురు వచ్చేలోగా పాత చెక్కంతా గోదాము లోపలి మూలకు జరిపేయాలని ఆయన పథకం. ఆమె నెల రోజులుగా లీన్ పద్ధతి అంటూ వెంటపడుతోంది. అక్కర్లేని సరుకు ఉండకూడదు, పని ఎక్కడా ఆగకూడదు. అంతే ఆ పద్ధతి. గడియారం పట్టుకుని ఒక కుర్చీ వెనకాలే తిరిగి, నిన్న లెక్క కూడా చెప్పింది.

"నాన్నా, కుర్చీకి పట్టే పని నాలుగు గంటలు. నీ సంతకాల కోసం ఆగేది తొమ్మిది రోజులు. కోత అయ్యాక ఒకటి, బిగింపు అయ్యాక ఒకటి, కుషన్ వేశాక ఒకటి. ఎందుకిన్ని?"

"ముప్పై ఏళ్లు ఇలాగే నడిచింది. సంతకమే లేకపోతే ఇంక నేనెందుకమ్మా ఇక్కడ?"

అసలు లెక్క అదే. ఈ సాయంత్రం ఐదింటికల్లా ఆసుపత్రికి నలభై కుర్చీలు చేరకపోతే ఆర్డరు పోతుంది. ఆర్డరు పోతే మరొకటి వస్తుంది, పెద్దరికం పోతే ఏ బజారులో దొరుకుతుందని ఆయన వాదన.

గోదాములో అడుగు వరస చెక్క లాగాడు. పదేళ్లుగా పైన పేర్చిన కుర్చీ కాళ్లన్నీ దడదడా జారి తలుపుకు అడ్డం పడ్డాయి. ఫోను చూస్తే ఆఫీసు బల్ల మీదుంది. తలుపు బాదాడు. వడ్రంగి షెడ్డులో చెక్క మీద దెబ్బలు ఎవరికి వింత? అరిచాడు. రంపపు మిషను ఆ అరుపు మింగేసింది. చివరికి చెక్కల మీదికెక్కి, షెడ్డు వైపు కిటికీ ఊచల్లోంచి చెయ్యి ఊపాడు.

అప్పటికే వచ్చిన కూతురి పక్కనున్న మేస్త్రీ అది చూశాడు. "అమ్మాయిగారూ, అయ్యగారు కానిమ్మంటున్నారు!"

"నిజంగానా? అయితే సంతకాల కోసం ఆగకండి!"

కుర్చీలు కదలడం చూసి యజమాని ఆగండంటూ అరిచాడు. రెండు చేతులూ ఊపాడు.

"ఇంకా తొందరగా అంటున్నారర్రా!"

తొమ్మిది రోజులుగా ఎక్కడివక్కడ పడున్న కుర్చీలు చేతులు మారుతూ సాగిపోయాయి. ఒక కాలు వంకరగా ఉందని బిగించేవాడు కోతవాడికి అప్పుడే తిప్పి ఇచ్చాడు, నిమిషంలో సరైంది. తన సంతకం ఒక్క వంకరనైనా పట్టుకున్న రోజు యజమానికి గుర్తు రాలేదు. మెల్లగా చేతులు దించేశాడు. రంపపు పొడి ఎండలో తేలుతోంది, దాని వెనక కుర్చీ తర్వాత కుర్చీ గేటు వైపు వెళుతోంది. ముప్పై ఏళ్లుగా కాగితాల్లో చూసిన పనిని ఆయన కళ్లతో చూడడం అదే మొదటిసారి. ఊచలు పట్టుకుని, నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు.

నాలుగున్నరకు లారీ గేటు దాటింది. తండ్రికి చెబుదామని వచ్చిన కూతురు, తలుపు కదలకపోయేసరికి నలుగుర్ని పిలిచి తోయించింది. దుమ్ము కొట్టుకుని బయటికొచ్చాడాయన.

"లోపలేం చేస్తున్నావు నాన్నా?"

"ఇరుక్కుపోయాను! మిమ్మల్ని ఆగమని చెయ్యి ఊపాను!"

మేస్త్రీ గేటు వైపు చూశాడు. "మరి... కుర్చీలు వెళ్లిపోయాయే, అయ్యగారూ."

యజమాని ఖాళీ షెడ్డు వంక చూశాడు.

"ఎంత బాగా వెళ్లాయిరా!" అన్నాడు.

మర్నాడు అరవై కుర్చీల ఆర్డరు వచ్చింది. మేస్త్రీ ఎంతో వినయంగా యజమాని గది గుమ్మంలో నిలబడ్డాడు.

"అయ్యగారూ, రేపు తమరు గోదాములోకి ఎన్నింటికి వెళతారు?"